లాకుల దగ్గర మూడు పంచర్లు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా, ఎదురు ఫ్లాటు హారిక సైకిలు భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు, ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. రోజూ పొద్దున్న కాసేపు తొక్కుతుంది, ఆదివారమైతే ఒక జట్టుతో కలిసి రాజమండ్రి నుంచి కోరుకొండ దాకా వెళ్లి వస్తుంది. ఒకసారి అన్నవరం కూడా వెళ్లొచ్చారు. మా రోజుల్లో సైకిలు మనిషిని మోసేది, మనిషి సైకిల్ని మోసే రోజు వస్తుందని మేం అనుకోలేదు అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. పది రోజుల్లో ఇది మూడో పంచరు అంది. సీటు కింద చిన్న సంచి ఉంది, అందులో లేని సామాను లేదు. మడత పెట్టే పానాలు, ప్లాస్టిక్ లివర్లు, రెండు కొత్త ట్యూబులు, అరచేతిలో పట్టే పంపు. దారిలో గాలి పోతే పాత ట్యూబు తీసి కొత్తది వేసుకుని పది నిమిషాల్లో బయల్దేరిపోతుంది. మూడుసార్లూ అలాగే చేసింది. మూడుసార్లూ బైపాసు మలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ మలుపులో టార్పాలిన్ కింద ఒకాయన పంచర్లు వేస్తూ కూర్చుంటాడు. ఇంకేముంది, మేకులు జల్లేది ఆయనేనని జట్టంతా తేల్చేశారు. ఫోటో తీసి, ఈ షాపు దగ్గర జాగ్రత్త అని గ్రూపులో పెట్టిందట. అప్పుడే నలభై మంది చూశారని చెప్పింది.

టైరు ఊడదీసి ఇమ్మన్నాను. రెండు వేళ్లు లోపల పెట్టి మెల్లగా చుట్టూ తిప్పాను. ముప్పావు వంతు తిరిగేసరికి చురుక్కుమంది. వెంట్రుక మందాన ఉక్కు తీగ ముక్క, పైనుంచి చూస్తే కనిపించదు, లోపలికి మాత్రం మొన తేలి ఉంది. కొత్త ట్యూబు వేసినప్పుడల్లా అది ఓపిగ్గా కన్నం పొడుస్తూ వచ్చింది. హారిక నాలిక కరుచుకుని, ఫోను తీసి, గ్రూపులో పెట్టింది తీసేసింది. "డిలీట్ చేసేశానాంటీ," అని తేలిగ్గా వెళ్లిపోయింది. నాకు ఆ పూట టిఫిన్ సయించలేదు. మర్నాడు ఆటో కట్టించుకుని బైపాసు దాకా వెళ్లి, ఆ టార్పాలిన్ ఉందో లేదో చూసి వచ్చాను. ఉంది. ఆయన ఎవరి మోటారు సైకిలుకో గాలి కొడుతున్నాడు. నేనెవరో ఎందుకొచ్చానో ఆయనకు తెలియదు. తెలిసి ఉంటే, ఈ ముసలావిడ ఆటోలో కూర్చుని నా వంకే ఎందుకు చూస్తోందని అనుమానించేవాడు.

అనుమానం మా ఇంటి ఆస్తి. మా నాన్నకి కాలవ గట్టున ఉన్న మా ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. బెల్లం, ఎండుమిరపకాయలు, కిరసనాయిలు వాసన కలగలిసి మా బట్టల్లోకి, అన్నంలోకి కూడా వచ్చేది. పొద్దున్నే నాన్న కొట్టు తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి, రాత్రి తను పెట్టిన వరసలోనే ఉన్నాయా లేవా అని చూసుకునేవారు. చింతపండు బుట్ట మీద వేలితో గీత గీసి, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక ఆ గీత చెరిగిందేమో చూసేవారు. పాలావిడ కళ్ల ముందే పాలు పితికినా చెంబు అడుగు తడిమి చూడందే పుచ్చుకోరు. తాళం వేశాక మూడుసార్లు లాగి, పది అడుగులు వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగేవారు. మీ నాన్న అద్దంలో చూసుకున్నా ఎవర్నువ్వు అని అడుగుతారే అనేది అమ్మ. ఆ మాట ఆయన వినేలాగే అనేది. ఆయన కోపగించుకునేవారు కాదు. నమ్మి చెడ్డవాళ్లున్నారు గాని నమ్మక చెడ్డవాళ్లెక్కడున్నారని తిరిగి అడిగేవారు. ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

అలాంటి మనిషి నన్ను కాలేజీకి పంపడమే ఒక వింత. మా వీధిలో ఆడపిల్ల పదో తరగతి దాటడం అదే మొదలు. కాలేజీ కాలవ గట్టు దారిన తొమ్మిది మైళ్లు. బస్సు ఉంది, కాని బస్సంటే నాన్నకి నమ్మకం లేదు. కండక్టరు మీద, పక్క సీటువాడి మీద, చివరికి బస్సు చక్రాల మీద కూడా లేదు. ఆఖరికి ఆడవాళ్ల సైకిలు ఒకటి కొన్నారు. కొన్నాక అసలు భయం పట్టుకుంది. గట్టు మీద ఎక్కడో పంచరు పడితే ఈ పిల్ల ఎవరి ముందు నిలబడుతుంది? దారిలో సగానికి, కాలవ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర, ఒక సైకిలు షాపు ఉంది. సూర్రావు, వీరబాబు అని ఇద్దరు అన్నదమ్ములు కలిసి నడిపేవాళ్లు. పెద్దవాడు సూర్రావు పెళ్లయి పిల్లలున్నవాడు, వీరబాబుకి అప్పుడప్పుడే పెళ్లయింది. పంచరు షాపులవాళ్లందరూ దారిలో మేకులు జల్లుతారని నాన్న సిద్ధాంతం. లేకపోతే షాపు ఎదురుగానే పంచర్లు ఎందుకు పడతాయి అనేవారు. పంచరు ఎక్కడో పడుతుంది, మనం షాపు కనిపించే దాకా నడిపించుకుంటూ వెళ్తాం కాబట్టి అక్కడ పడ్డట్టు గుర్తుంటుంది అని అమ్మ ఒకసారి అంటే, నువ్వు వాళ్ల తరఫా అన్నారు.

కాబట్టి నేనే పంచరు వేసుకోవడం నేర్చుకోవాలని నిర్ణయమైంది. నేర్పింది నాన్నే. ఆయన ఎక్కడ నేర్చుకున్నారంటే, తన సైకిలుకి ఎప్పుడు పంచరు పడ్డా షాపువాడి నెత్తిన నిలబడి, ఉన్న ఒక్క కన్నాన్ని రెండు చేస్తాడేమోనని రెప్ప వెయ్యకుండా చూసేవారు. ఆ కాపలాలో ఆయనకి విద్య పట్టుబడింది. ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు. అడిగితే మనకి తెలియదని వాళ్లకి తెలిసిపోతుంది కదా. కాలేజీ తెరిచే ముందు నెలంతా పెరట్లో గోనెపట్టా పరిచి, సైకిలు తిరగేసి, నా చేత టైరు ఊడదీయించేవారు. లివర్ల బదులు పాత గరిటెకాడలు రెండు. ట్యూబు తీసి, గాలి కొట్టి, గాబులో ముంచి, బుడగలు వచ్చేచోట పెన్సిలుతో గుర్తు పెట్టాలి. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా నూరు లెక్కపెట్టి, పాత ట్యూబులోంచి కత్తిరించిన ముక్క అంటించాలి. వాల్వు మీద ఉమ్మి పెట్టి బుడగ లేస్తుందేమో చూడాలి. ఆయన గడియారం పట్టుకుని కూర్చునేవారు. మొదట్లో గంట పట్టేది, నెల తిరిగేసరికి ఇరవై నిమిషాలకి వచ్చాను. సామానంతటికీ అమ్మ పాత పరుపు గుడ్డతో సంచి కుట్టి సీటు కింద కట్టింది. పంపు ఫ్రేముకి తాడుతో బిగించాం. దారి పొడుగునా కాలవే కాబట్టి గాబు అక్కర్లేదు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్లి రావచ్చు అన్నారు నాన్న. ఆయన మొహంలో అంత సంతోషం నేను అరుదుగా చూశాను.

మొదటి ఏడాదిలో రెండుసార్లు పంచరు పడింది, రెండుసార్లూ నేనే వేసుకున్నాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, రేవు మెట్ల మీద కూర్చుని, ట్యూబు కాలవలో ముంచుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. నాకు గర్వంగా ఉండేది. సూర్రావు షాపు ముందు నుంచి వెళ్లేటప్పుడు కావాలని బెల్లు కొట్టేదాన్ని. రెండో ఏడాది వానలు తగ్గాక పదిరోజుల్లో మూడుసార్లు గాలి పోయింది. మూడూ వెనక చక్రానికే, మూడూ లాకులకి ఇటో అటో నూరు గజాల్లోనే. మొదటి రెండుసార్లు రేవులో కూర్చుని నేనే వేసుకున్నాను. మూడోసారి సొల్యూషన్ అయిపోయింది. సూర్రావు పిలిచి, ఇలా తెండి అమ్మాయిగారూ, చూస్తాను అన్నాడు. నేను వినిపించుకోనట్టు సైకిలు నడిపించుకుంటూ నాలుగున్నర మైళ్లు నడిచి ఇంటికి వచ్చాను. దీపాలు పెట్టే వేళయింది. నాన్న వీధి చివర నిలబడి ఉన్నారు. కేకలు వేయలేదు. ఇంకొక్కసారి ఇలా దారిలో ఆగిపోయావంటే కాలేజీ మాట మర్చిపో అన్నారు. ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు. మా పెదనాన్న అప్పటికే రెండు సంబంధాలు పట్టుకుని ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నారు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని, నా సైకిలు నడిపించుకుంటూ లాకుల దగ్గరికి వచ్చారు. టీ కొట్టు ముందు పదిమంది ఉన్నారు. మూడుసార్లూ నీ షాపు ముందే ఎలా పడిందయ్యా అని సూర్రావుని అడిగారు. అతను చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. మేకులు జల్లే బతుకు కాదండి మాది అన్నాడు. వీరబాబు మొహం ఎర్రబడింది. అది చూసి నాన్న, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే అన్నారు. జనం నవ్వారు. సూర్రావు మాత్రం నా సైకిలు వంకే చూస్తున్నాడు.

"ఓసారి ఆ టైరు లోపల చెయ్యెట్టి చూడనివ్వండి శెట్టిగారూ. ముల్లు అందులోనే ఉండిపోయుంటాది," అన్నాడు.

నాన్న సైకిల్ని వెనక్కి లాక్కున్నారు. "నీ వేళ్ల సందున ఓ మేకు పెట్టుకుని, ఇదిగో దొరికిందని చూపిస్తావు. నాకు తెలీదనుకున్నావా?"

సూర్రావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా వంక చూశాడు. నేను కాలవ వంక చూశాను. నాన్న మాట అంటే ఆ చుట్టుపక్కల చెల్లుబాటవుతుంది. శెట్టిగారు ఊరికే అంటారా అన్నారు జనం.

ఇంటికి వచ్చాక నాన్న కొట్లోకి వెళ్లగానే నేను పెరట్లో గోనెపట్టా పరిచి టైరు విప్పాను. నెలంతా నాన్న నేర్పిన పనిలో టైరు లోపల చెయ్యి పెట్టడం అన్నది లేదు. షాపుల్లో వాళ్లు ఆ పని చేస్తుంటే నేనూ చూశాను, ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల చేతిని గిర్రున తిప్పుతారు. అది దుమ్ము తుడవడం అనుకున్నారు నాన్న. పని ఎక్కువ చేసినట్టు కనిపించడానికి వాళ్లు వేసే వేషం అని కూడా అన్నారు. నేను చెయ్యి పెట్టి తిప్పాను. వేలికి దిగింది. తుమ్మముల్లు. పైభాగం అరిగి టైరులో కలిసిపోయింది, మొన మాత్రం లోపల నిలబడి ఉంది. కొత్త ముక్క అంటించి గాలి కొట్టినప్పుడల్లా, నాలుగు రోజులు తొక్కేసరికి, లాకుల దగ్గరి గతుకుల్లో చక్రం ఎగిరిపడ్డప్పుడు, అది మళ్లీ ట్యూబుని పొడిచేది. గోళ్లతో లాగాను. అర అంగుళం కూడా లేదు. తీసుకెళ్లి నీళ్ల పొయ్యిలో పడేశాను. అమ్మ వచ్చి, వేలు నోట్లో పెట్టుకున్నావేంటే అంది. సూది గుచ్చుకుందన్నాను. అమ్మ గోనెపట్టా మీద పరిచి ఉన్న టైరుని చూసింది, నన్ను చూసింది, లోపలికి వెళ్లిపోయింది. అమ్మకి తెలుసేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

చెప్పి ఉండాల్సింది. ఆ సాయంత్రం కొట్లోకి వెళ్లి, నాన్నా, ముల్లు టైరులోనే ఉంది అంటే సరిపోయేది. కాని తప్పు నాది, కాకపోతే నాన్న నేర్పిన విద్యది అని తేలుతుంది. నాది అయితే, తన సైకిలు తను చూసుకోలేని పిల్లని తొమ్మిది మైళ్లు పంపరు. నాన్నది అయితే ఆయన లాకుల దగ్గరికి వెళ్లి పదిమందిలో ఆ మాట ఒప్పుకోవాలి, అది జరిగే పని కాదు, తప్పు తిరిగి నా మీదే పడుతుంది. ఎలా చూసినా నా చదువు ఆగిపోతుంది. ఇదంతా ఆ రోజు ఇంత స్పష్టంగా అనుకున్నానో లేదో తెలియదు. ఒకటి మాత్రం బాగా గుర్తుంది. ఈ ముల్లు నాదే కావచ్చు, అంతమాత్రాన వాళ్లు మేకులు జల్లరని ఏంటి నమ్మకం అనుకున్నాను. ఆ మాట అనుకోగానే నాకు ప్రాణం కుదుటపడింది. నాన్న కూతుర్నని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నాకు చాలా కాలం పంచరు పడలేదు. చూశావా, ఒక్క గదమాయింపుతో దారికొచ్చారు అన్నారు నాన్న. రెండు నెలలు తిరక్కుండా షాపు మూతపడింది. వాళ్లు కూర్చునే చోట నేల మీద నల్లటి నూనె మరకలు ఇంకో ఏడాది కనిపించాయి. నేను అటు చూడకుండా తొక్కుకుంటూ వెళ్లి డిగ్రీ పూర్తి చేసి, లెక్కల టీచర్నయ్యాను. వేలమంది ఆడపిల్లలకి, జవాబు తప్పు వస్తే పక్కవాళ్లని కాదు, మీ మొదటి మెట్టుని చూసుకోండి అని చెప్పాను. సిగ్గు లేకుండా చెప్పాను.

హారిక టైరులో తీగ దొరికిన వారానికి నేను లాకుల దగ్గరికి వెళ్లాను. టీ కొట్టు ఇప్పటికీ ఉంది, మనిషి మారాడు. అడగ్గా అడగ్గా, సూర్రావు జంగారెడ్డిగూడెంలో ఉన్నాడని, బస్టాండు వెనక అల్లుడి పంచరు షాపు అని తెలిసింది. బస్సెక్కి వెళ్లాను. దారంతా ఒకటే ఆలోచన. నన్ను చూసి తిడతాడా, ఏడిపిస్తాడా, లేక ఏమీ ఎరగనట్టు మర్యాద చేసి పంపేస్తాడా? మర్యాద చేస్తాడేమోనన్నదే ఎక్కువ భయం. అతను షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వేళ్లు వంకర్లు పోయాయి, చూపు బాగానే ఉంది. శెట్టిగారి అమ్మాయినని చెప్పుకోవాల్సి వచ్చింది. అల్లుణ్ని పంపి సోడా తెప్పించాడు. నేను తాగకుండా చెప్పడం మొదలుపెట్టాను. ముల్లు దొరికిందని, ఆ సాయంత్రమే దొరికిందని, చెప్పలేదని, ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను.

"ముందు చక్రమా ఎనక చక్రమా అండి?" అన్నాడు.

వెనకది అన్నాను. అనుకున్నానండి అని తల ఊపాడు. అలా చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత చెప్పింది నేను ఊహించనిది. షాపు పోయినందుకు అతనికి నా మీద కోపం లేదు, చేతిలో పనున్నవాడికి ఏ ఊరైతేనేం అన్నాడు. అతన్ని తినేసింది వేరే.

"మీ నాన్నగారు అబద్ధమాడే మనిషి కాదండి. నేనైతే ఎయ్యలేదు. మరెవరేసినట్టు? నిప్పు లేకుండా పొగ రాదు కదా అనుకున్నాను. నాకు తెలీకుండా మా ఈరబాబుగాడే ఏస్తున్నాడనుకున్నానండి."

తమ్ముణ్ని నిలదీశాడట. కాదన్నకొద్దీ అనుమానం ముదిరింది. అన్నం దగ్గర, నిద్ర దగ్గర, పని దగ్గర అదే మాట. ఒకరోజు ఆ కుర్రవాడి జేబులో రెండు మేకులు కనిపించాయి. చెప్పు బిగించుకోవడానికి పెట్టుకున్నానన్నా వినకుండా, కొత్త పెళ్లాం చూస్తుండగా పంపు పెట్టి కొట్టాడు. వీరబాబు ఆ పూటే భార్యని తీసుకుని కడియం వైపు అత్తారింటికి వెళ్లిపోయాడు. మళ్లీ అన్నతో మాట్లాడలేదు. పిల్లల పెళ్లిళ్లకి పిలవలేదు. మూడేళ్ల కిందట పోయాడు. చూడడానికి వెళ్తే మరదలు గుమ్మంలోనే ఆపేసింది. ఇదంతా సూర్రావు గొంతు పెంచకుండా చెప్పాడు. నేను క్షమించమని అడగలేకపోయాను. అడిగితే క్షమించానంటాడు, అది నేను నమ్మను. అతనే ఒకటి అడిగాడు. నేను కడియం వెళ్లి, వీరబాబు మేకులు వెయ్యలేదన్న మాట ఆవిడతో నా నోటితో చెప్పాలి. తను పొరబడ్డానని ఆవిడకి తెలియాలి. అంతే.

రెండు రోజుల తర్వాత వెళ్లాను. వీరబాబు భార్య ఒక నర్సరీలో మొక్కల సంచుల్లో మట్టి నింపుతోంది. నా కన్నా ఒకటి రెండేళ్లు చిన్నదై ఉంటుంది. పేరు చెప్పాను, ఎవరి అమ్మాయినో చెప్పాను. తర్వాత మొత్తం చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. సంచి విప్పడం, దోసెడు మట్టి పోయడం, తట్టి పక్కన పెట్టడం. నేను ఆపాక చేతులు దులుపుకుని నన్ను తేరిపార చూసింది. నా చెప్పులు చూసింది, భుజానున్న సంచి చూసింది. నా వెనక గేటు వైపు చూసింది, అక్కడ ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమోనని.

"మా ఆయన ఎయ్యలేదని నాకు ఎప్పుడూ తెలుసండి," అంది. "మిమ్మల్ని మా బావగారు పంపించారా?" అని అడిగింది.

అవునన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఈ ముల్లు మాట ఆయనే చెప్పమన్నారా అండి?"

కాదని, నిజంగా జరిగిందని, నా వేలికే గుచ్చుకుందని చెప్పాను. ఆవిడ కోపంగా లేదు. ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు వచ్చిందా అని లెక్క చూసుకుంటోంది. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని, నాన్నైతే ఇంకా ముందే అడిగేవారు. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఒట్టు వేస్తాను తల్లీ అన్నాను. వద్దులెండి అని ఆవిడ ఇంకో సంచి విప్పింది.